నీళ్ళు కారే మొహం

నా మొహానికి ఒక లోపం ఉందని నలభై దాటి ఆరేళ్ళు గడిచేదాకా ఎవరూ చెప్పలేదు. కోపం ముక్కు మీదే ఉంటుందన్నారు. బట్టతల మీద జోకులు వేశారు. మొహం కారుతుందని మాత్రం మొట్టమొదట చెప్పినవాడు, ఎల్బీనగర్ దాటాక ఉన్న ఒక స్విమ్మింగ్ పూల్‌లో మాకు స్కూబా డైవింగ్ నేర్పే విశాఖపట్నం కుర్రాడు.

"మాస్కులో తప్పులేదు సార్. మీ మొహం దగ్గరే కాస్త లీకవుతోంది" అన్నాడు, నేను నొచ్చుకుంటానేమోనని నీళ్ళ వైపు చూస్తూ.

నొచ్చుకున్నాను. పంపు కారుతుందంటే వాషర్ మార్పిస్తాం. మొహం కారుతుందంటే ఏం చేస్తాం?

ఈ డైవింగ్ గొడవ అసలు నాది కాదు, మా ఆవిడది. ఆమెది కాకినాడ వైపు. పెళ్ళయి కొత్తపేటలో మా ఇంటికి వచ్చేనాటికే ఆమెకు సముద్రం మీద పాత కోపం ఒకటి ఉంది. చిన్నప్పుడు అన్నదమ్ములంతా అలల్లో పడి దొర్లుతుంటే, ఆడపిల్ల అని ఈమెను మాత్రం చీలమండ లోతు దాటనిచ్చేవాళ్ళు కాదట. ఒడ్డున కూర్చుని అందరి చెప్పులకూ కాపలా కాసేదట. "సముద్రం పక్కనే పుట్టానన్న మాటే గానీ, గిన్నె మీద మూత చూశానండీ, లోపల కూరేంటో చూడలేదు" అని ఎన్నోసార్లు అంది. అందుకే మా అమ్మాయి హాస్టల్లో చేరి ఇల్లు ఖాళీ అయిన ఏడాది, ఆమె స్వయంగా ఈ కోర్సు వెతికి ఇద్దరి పేర్లూ రాయించింది. శిక్షణ ఇక్కడి పూల్‌లో, పరీక్ష అండమాన్ సముద్రంలో. విమానం టికెట్లు కూడా తీసేసింది.

ఇందులో ఒక నియమం ఉంది. ఎప్పుడూ ఇద్దరిద్దరు జంటగా దిగాలి. ఒకరికి ఇబ్బంది వచ్చి పైకి తేలితే, రెండోవాళ్ళు ఎంత హాయిగా ఉన్నా సరే, వెంట పైకి రావాలి. ఆమెకు జంట నేను.

నాకు ఈత వచ్చు. మా నాయిన నడుముకు తాడు కట్టి వ్యవసాయ బావిలోకి తోసి నేర్పిన ఈత అది. కానీ ముక్కులోకి నీళ్ళు పోతే మాత్రం నేను మనిషిని కాను. డైవింగ్ మాస్కు కళ్ళనూ ముక్కునూ కలిపి మూస్తుంది. కాసిన్ని నీళ్ళు లోపలికి వస్తే ముక్కుతో గట్టిగా ఊది బయటికి పంపాలని ఆ కుర్రాడు నేర్పాడు. కాసిన్నయితే ఊదొచ్చు. నాకు ఊదినంతసేపే ఖాళీ, ఆపగానే మళ్ళీ నిండేది. ఇక నా వల్ల కాక చేతులూ కాళ్ళూ కొట్టుకుంటూ పైకొచ్చి దగ్గేవాణ్ణి. ఒక్క క్షణం ఆగి నా పక్కనే ఆమె తల తేలేది. ఆమె మాస్కులో చుక్క నీరుండేది కాదు. దుకాణంలో మొదట చూసిన మాస్కే ఆమెకు అతికినట్టు సరిపోయింది. పైకొచ్చాక ఒక్క మాట అనేది కాదు. అంటే బాగుండేది, నేనూ ఏదో ఒకటి అని తేల్చుకునేవాణ్ణి.

నిజం చెప్పాలంటే జబ్బు ఎక్కడుందో మొదటిరోజే అందరికీ తెలుసు. నా తల మీద నిలవని జుట్టంతా మూతి మీద కాపురం పెట్టింది. దట్టమైన మీసం, ముక్కు రంధ్రాల అంచునుంచే మొదలవుతుంది. మాస్కు అంచు సరిగ్గా అక్కడే ఆనాలి. వెంట్రుకల సందుల్లోంచి నీళ్ళు దర్జాగా లోపలికి వచ్చేవి. "మీసం ఒక్కటీ తీసేస్తే..." అని ఆ కుర్రాడు మొదటిరోజే నసిగాడు. చెవిలో నీళ్ళు పోయినవాడిలా తల పక్కకు వంచి దులుపుకుంటూ వెళ్ళిపోయాను.

మా ఇళ్ళల్లో తండ్రి ఉన్న కొడుకు మీసం తీయడు. తండ్రి పోయిన రోజున తీస్తారు. మా ఆఫీసులో కుర్రవాళ్ళు నున్నగా తిరుగుతుంటారు, వాళ్ళ తండ్రులూ వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్‌లు పంపుతూ బాగానే ఉన్నారు. కానీ మా ఇంట్లో సంగతి వేరు. తిరుపతిలో గుండు కొట్టించుకున్నప్పుడు కూడా కత్తి మీసం దగ్గరికి రాకుండా మా అమ్మ పక్కన నిలబడి కాపలా కాసింది. అమ్మ లేదు. నాయిన ఉన్నాడు, డెబ్బై దాటి, హాల్లో టీవీ ముందు, నిక్షేపంగా. ఆ మనిషి ఎదుట మీసం తీసిన మూతితో తిరగడం అంటే ఆయనను ముందే పంపించేసినట్టు. ఆ మాట నేను అనలేను, మా ఆవిడ అనదు. అందుకని ఇద్దరం కలిసి మాస్కును తిట్టుకున్నాం.

దిల్‌సుఖ్‌నగర్‌లో దొరకని వస్తువు లోకంలో తయారు కాలేదని నా నమ్మకం. మాస్కు కూడా అక్కడే దొరుకుతుందని బయల్దేరాను. బస్టాండు పక్క సందులో ఒక ఆటవస్తువుల దుకాణం ఉంది. దాని యజమాని స్టూలెక్కి, క్యారమ్ బోర్డుల వెనకనుంచి దుమ్ము పట్టిన పెట్టె ఒకటి తీశాడు. సరిపోతుందో లేదో చూసే పద్ధతి నాకు నేర్పే ఉన్నారు. పట్టీ తలకు తగిలించకుండా మాస్కును మొహానికి ఆనించి, ముక్కుతో గాలి లోపలికి పీల్చి, చేయి వదిలేయాలి. సరిపోతే అతుక్కుని ఉంటుంది. నేను పీల్చాను, వదిలాను. మాస్కు వెళ్ళి ఆయన గాజు బల్ల మీద పడింది.

"పట్టీ జర గట్టిగ గుంజి కట్టుకోండ్రి సార్, యాడికి పోతది?" అన్నాడాయన.

నేను మళ్ళీ పీల్చాను. కోచింగ్ క్లాసులు వదిలిన పిల్లలు ఫైళ్ళు పట్టుకుని గుమ్మంలో ఆగి చూస్తున్నారు. బట్టతల మనిషి ఒకడు అద్దాలు మొహానికి ఆనించుకుని బుసలు కొట్టడం వాళ్ళ సిలబస్‌లో లేదు. పరువు కోసం ఆ మాస్కు కొనేశాను. ఇంకొకటి ఆన్‌లైన్‌లో తెప్పించాను. మూడోది ఎవరో వాడినది, అమ్మేవాడు మూసారాంబాగ్ మెట్రో స్టేషన్ మెట్ల కింద కలుస్తానంటే అక్కడికి పోయాను. అక్కడా అదే బుస, అదే పడటం. ఈసారి మాత్రం కింద పడకముందే పట్టుకున్నాను. "మంచి క్యాచ్" అన్నాడు అమ్మినవాడు.

మీసానికి వ్యాసలీన్ పూస్తే సందులు మూసుకుంటాయని ఆ డైవింగ్ కుర్రాడే ఒక ఉపాయం చెప్పాడు. పూయడంలో నాకు పొదుపు తెలియదు. నీళ్ళలోకి దిగాక మాస్కు జారి చెవి వైపు ప్రయాణం కట్టింది. అద్దానికి వ్యాసలీన్ అంటుకుని, ఎదురుగా ఉన్న మా ఆవిడ మంచులో దారి తప్పిన మనిషిలా కనపడింది. తర్వాత ముక్కు కింద మాత్రం కాస్త కత్తిరిస్తే చాలేమోనని చిన్న కత్తెర తీసుకుని బాత్‌రూమ్‌లో ప్రయత్నించాను. ఒకవైపు ఎక్కువైంది. దాన్ని సరిచేయబోతే రెండోవైపు ఇంకా ఎక్కువైంది. మా ఆవిడ చూసి, "గడ్డివామిని దూడ కింద నుంచి మేసినట్టుందండీ" అని వంటింట్లోకి పోయి నవ్వుకుంది. ఆ మేసిన మీసంతో కూడా నీళ్ళు వచ్చాయి.

ఒక ఆదివారం పొద్దున బాత్‌రూమ్‌లో టబ్బు నిండా నీళ్ళు పట్టి, మూడు మాస్కులూ వరసగా పెట్టుకుని, ఒక్కోదానితో మొహం ముంచి చూస్తున్నాను. ఆ చప్పుడుకు నాయిన లేచి వచ్చాడు.

"ఏందిరా గా బుడబుడ?"

చెప్పాను. ఆయన ఆన్‌లైన్‌లో తెప్పించిన మాస్కును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. మా నాయినకు నీళ్ళంటే భయం లేదు. పెద్ద అంబర్‌పేట్ అవతల మా ఊళ్ళో బావిలో బిందె పడినా, బొక్కెన పడినా ఆయన కోసమే వచ్చేవాళ్ళు. ఊపిరి బిగబట్టి అడుగుదాకా పోయి తెచ్చేవాడు. ఇప్పుడు ఆ బావి పూడ్చేసి ప్లాట్లు చేశారు, ఎవరిదో ఇల్లు లేచింది. ఆ వైపు పోతే ఆయన ఆ ఇంటిని చూడడు, రోడ్డుకు ఇటువైపే చూస్తూ నడుస్తాడు.

"నీళ్ళల్ల కండ్లు తెరిస్తె సాలదా? గీ అద్దాలేంది?" అన్నాడు.

"సముద్రం నాయినా, ఉప్పు నీళ్ళు. కండ్లు మండుతయి."

"నేనెన్నడు సూడలే సముద్రం" అని, మాస్కును మొహానికి ఆనించి ముక్కుతో పీల్చి చేతులు వదిలేశాడు.

మాస్కు ఊడలేదు. ఆయన మూతి నున్నగా ఉంటుంది. వాళ్ళ నాయిన పోయినప్పుడు మీసం తీసి, మళ్ళీ పెంచలేదు. నోటితో ఊపిరి తీసుకుంటూ, పట్టీ గాల్లో వేలాడుతుండగా, నాయిన హాల్లోకి నడిచాడు. అక్కణ్ణించి బాల్కనీలోకి వెళ్ళి ఎదురింటాయనకు చేయి ఊపాడు. వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చుని రిమోట్ అందుకున్నాడు. అప్పటికీ అది ఊడలేదు. చివరికి ఆయనకే నవ్వొచ్చి, ఊడి ఒళ్ళో పడింది.

"మంచిగనే ఉన్నది గద, నీకేమైంది?" అన్నాడు కళ్ళ చుట్టూ ఎర్రని గుండ్రటి గుర్తుతో.

నాకు ఒళ్ళు మండింది. నా డబ్బు పెట్టి నేను కొన్న వస్తువు నన్ను వదిలేసి మా నాయినకు అతుక్కుంటోంది. "ఏం కాలే" అని విసురుగా చెప్పి తలుపు వేసుకున్నాను.

ఆ సాయంత్రం పూల్‌లో మళ్ళీ అదే జరిగింది. మేము పైకి తేలినప్పుడు ఆ కుర్రాడు గట్టు మీద కూర్చుని, సముద్రంలో ఇలా అయితే దింపడం కష్టం సార్ అని మెల్లగా చెప్పాడు. ఇంటికొచ్చి తడిబట్టలు ఆరేస్తూ మా ఆవిడ అంది, "టికెట్లు రద్దు చేసేద్దామండీ. ఒడ్డున కూర్చోవడం నాకు కొత్తేం కాదుగా. చెప్పులకి కాపలా ఉండాలి ఎవరో ఒకరు."

ఆమె దెప్పలేదు. మామూలుగా, రేపు పాలు ఎక్కువ తీసుకుందాం అన్నట్టు చెప్పింది. ఇన్నేళ్ళలో ఆమె నా దగ్గర కావాలని అడిగిన పెద్ద కోరిక ఇదొక్కటే. అది నా మూతి మీది వెంట్రుకల్లోంచి కారిపోతోంది.

"గా చెప్పుల కథేంది?" అని హాల్లోంచి నాయిన కేకేశాడు. ఆయనకు టీవీ ఎంత గట్టిగా పెట్టినా మా మాటలు వినపడతాయి.

మా ఆవిడ ఏం లేదు మావయ్యగారూ అంటూనే ఉంది. నాకు ఓపిక పోయింది. వెళ్ళి ఆయన ముందు నిలబడి అంతా చెప్పేశాను. మీసం వల్ల నీళ్ళు వస్తున్నాయని, నువ్వుండగా తీయలేనని, అందుకని ఆమె సముద్రంలోకి దిగలేకపోతోందని. చెప్తుంటే నా గొంతు నాకే ఫిర్యాదులా వినిపించింది, ఆయన బతికుండటమే తప్పన్నట్టు.

నాయిన టీవీ గొంతు తగ్గించాడు.

"నేను సచ్చినంక తీస్తవ్ గద?" అన్నాడు.

"గవేం మాటలు నాయినా."

"మాటనే. గప్పుడు తీస్తె నాకేం కనబడ్తది? మా నాయిన పోయిననాడు బావి గట్టు మీద కూసోవెట్టి నా మీసం తీసిన్రు. మా మేనత్త సూసి, అచ్చం మీ నాయిన లెక్కనే ఉన్నవ్‌రా అని ఏడ్సింది. ఊరంత సూసింది గా పోలిక. మా నాయిన ఒక్కడే సూడలే." రిమోట్ పక్కన పెట్టాడు. "నేను సూస్త. పొద్దుగాల పోదాం పా."

మా సందు చివర మంగలి షాపు ఉంది. మా ఇద్దరికీ ఆయనే. పొద్దున్నే నాయిన నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, తాను వెనక బెంచీ మీద కూర్చుని, మీసం తీయమని చెప్పాడు. మంగలి కత్తికి బ్లేడు వేసినవాడు వేసినట్టే ఆగిపోయాడు.

"పెద్దాయనా, నీ ముంగటనే ఎట్ల తియ్యాలె?"

"ముంగటనే తియ్యి. ఎనుక తీసెటిది ఇంకోపాలి ఉంటది."

మంగలి అద్దంలో నా వైపు చూశాడు. నేను కళ్ళు మూసుకున్నాను. చల్లటి నురగ, తర్వాత కత్తి, ఆ తర్వాత మూతి మీద ఎన్నడూ ఎరగని గాలి. కళ్ళు తెరిచేసరికి నాయిన బెంచీ మీద లేడు, నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. మా కొత్తపేటలో పండ్ల మార్కెట్ ఉన్న రోజుల్లో బత్తాయిని తిప్పి చూసినట్టు, నా గడ్డం పట్టుకుని అటు ఒకసారి, ఇటు ఒకసారి తిప్పాడు. అద్దంలో రెండు మొహాలు ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. ఒకటి కాస్త పాతది, అంతే తేడా.

"గీ మూతి నాదే" అన్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకూ తిరిగాయి. మంగలి చప్పుడు చేయకుండా పౌడరు డబ్బా అందుకున్నాడు.

నాయిన సంచీలోంచి మాస్కు తీసి తానే నా మొహానికి ఆనించాడు. పీల్చాను. ఆయన చేయి వదిలాడు. అది ఊడలేదు. కుర్చీ దిగినా, తల కిందికి వంచినా ఊడలేదు. అలాగే ఇంటికి నడిచి వెళ్ళిపోదామనిపించింది.

మర్నాడు కూరగాయలకని రైతుబజార్‌కు పోయాను. అక్కడ ఆకుకూరలమ్మే ఒక అవ్వ దగ్గరే నాయిన ఎప్పుడూ కొంటాడు. ఆమె నన్ను చూసింది, నా మూతిని చూసింది, చేతిలో కట్ట కింద పెట్టేసింది. నా బట్టతల గుండులాగే కనపడుతుంది, అదొక అదనపు సాక్ష్యం.

"ఎప్పుడాయె బిడ్డా? మొన్ననే గంగవాయిలకూర తీస్కపాయె" అంది.

నేను నోరు తెరిచేలోపే కొంగుతో కళ్ళొత్తుకుంది. పక్కన టమాటాలామెను పిలిచి, ఆ తాత ఎంత మంచోడో, బేరమాడినా ఎంత నవ్విస్తూ ఆడేవాడో చెప్పడం మొదలుపెట్టింది. టమాటాలామె కూడా ఆయన మంచితనం రెండు ముక్కలు చెప్పింది. ఆగమంటున్నా వినకుండా అవ్వ నా సంచీలో కొత్తిమీర, కరివేపాకు ఊరికే వేసింది. ఆయన టీవీ చూస్తున్నాడమ్మా అని చివరికి నేను చెప్పగలిగినప్పుడు ఆమె నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. కరివేపాకు మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఇంటికొచ్చి చెప్తే నాయిన పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఏమన్నది? మల్లొక్కసారి చెప్పు" అని ఆ పొగడ్తలన్నీ పదే పదే చెప్పించుకున్నాడు. సాయంత్రం తెల్ల చొక్కా వేసుకుని, తనను చూపించుకోవడానికి స్వయంగా రైతుబజార్‌కు పోయాడు.

అండమాన్‌లో పడవ మీంచి దిగేటప్పుడు మాస్కు అంచును రెండుసార్లు తడిమి చూసుకున్నాను. తాడు పట్టుకుని మెల్లగా కిందికి దిగాం. మాస్కులో ఒక్క చుక్క కూడా లేదు. నీలం రంగు చిక్కబడుతోంది, మా ఊపిరి బుడగలై పైకి పోతోంది. ఎలా ఉందో చూద్దామని మా ఆవిడ వైపు తిరిగాను. ఆమె కూడా అప్పుడే నా వైపు తిరిగింది. తిరగగానే ఆమె భుజాలు అదరసాగాయి. ఆమె మాస్కులో, ఎన్నడూ చుక్క రాని ఆ మాస్కులో, నీళ్ళు కళ్ళ దాకా లేచాయి.

నాకు ప్రాణం పోయినంత పనైంది. బొటనవేలు ఎత్తి పైకి పోదామని సైగ చేశాను. ఆమె చెయ్యి అడ్డంగా ఊపింది. తల కొంచెం పైకెత్తి, మాస్కును నుదుటికి అదిమి పట్టి, ముక్కుతో గట్టిగా ఊదింది. నీళ్ళు పోయాయి. పోగానే వేలితో కిందికి చూపించింది. ఇద్దరం దిగాం. పసుపు చారల చేపలు మంద మందలుగా మా మధ్యలోంచి పోతుంటే ఆమె కదలకుండా చూస్తూ ఉండిపోయింది. గాలి తగ్గింది పైకి రండని మాతో వచ్చిన డైవింగ్ కుర్రాడు సైగ చేసేదాకా పైకి రాలేదు.

పడవ ఎక్కాక ఏమైందని అడిగాను. తుడుచుకోవడం కూడా మానేసి మళ్ళీ నవ్వింది. "ఇన్నేళ్ళకి సముద్రంలోకి దిగి, అబ్బా అని పక్కకి తిరిగితే, మావయ్యగారండీ. కళ్ళద్దాలు పెట్టుకుని నా పక్కనే తేలుతున్నారు. నవ్వితే మూతి పక్కనించి నీళ్ళొచ్చేశాయి."

ఒడ్డుకు రాగానే నాయినకు ఫోన్ చేశాను. చేపల సంగతి చెప్పాను, నీళ్ళ రంగు చెప్పాను, కోడలు ఎందుకు నవ్విందో చెప్పాను. అవతల టీవీ గొంతు తగ్గింది.

"అంటె," అన్నాడు, "నన్ను గూడ తీస్కపోయిన్రన్నట్టు."